చక్కెర డబ్బా వదిలేసిన చీమలు

క్యాంటీన్ వెనక గది,
వానలు మొదలైన వారం

గుమ్మడీ,

ఇప్పుడు నిన్ను ఈ పేరుతో పిలిస్తే జనం నవ్వుతారని తెలుసు. అయినా మీ అన్నయ్య చిన్నప్పుడు నీకు పెట్టిన పేరు ఇది. కోడలిగా వచ్చిన నాకు మీ ఇంట్లో దక్కిన ఆస్తి ఇదొక్కటే. వదులుకోను.

నువ్వు చెప్పినట్టే మొదలుపెట్టాను. రాత్రి ఎనిమిదికి నోరు కట్టేస్తే మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా విప్పకూడదు. మధ్యలో నీళ్ళు, పాలూ చక్కెరా లేని టీ. "ఆకలేస్తే నాకు ఉత్తరం రాయి వదినా, చేతిలో కలం ఉన్నంతసేపూ చెంచా ఉండదు" అన్నావుగా, రాస్తున్నాను. ఎలాగూ ఫోన్లో మనిద్దరికీ కుదరదు. నేను నోరు తెరిచేలోపు నువ్వు మూడు సలహాలు చెప్పి పెట్టేస్తావు. ఉత్తరంలో అయితే నా గోల చివరిదాకా విని తీరాలి.

గోడకవతల నాలుగు పెద్ద గిన్నెలు ఉడుకుతున్నాయి. టైర్ల ఫ్యాక్టరీ మొత్తానికి వండే మనిషి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. ఉల్లిపాయలు వేగే వాసన ఇంత దుర్మార్గంగా ఉంటుందని ఇన్నేళ్ళలో నాకు తెలియనే లేదు.

మోకాళ్ళ డాక్టరు అన్న మాట నీకు పూర్తిగా చెప్పలేదు. ఎక్స్‌రేలు చూసి, "ఆపరేషన్ చెయ్యాల్సిందేనమ్మా, కానీ ఈ బరువు మీద చెయ్యను. పన్నెండు కిలోలు తగ్గి చలికాలంలో రండి, తూచి చూసి తేదీ ఇస్తాను" అన్నాడు. ఇటు క్యాంటీన్ కాంట్రాక్టరు, "స్టూలు మీద కూర్చుని వండే వంటమనిషిని నేనెక్కడా చూడలేదు. వచ్చే ఏడాదికల్లా నిలబడి వండగలిగితే సరే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటా" అన్నాడు. అంటే నేను తగ్గితే మోకాళ్ళు, మోకాళ్ళుంటే పని. పన్నెండు కిలోల మీద ఆడుతోంది నా బతుకంతా.

మీ అన్నయ్య "నీకు తోడుగా నేనూ ఉపవాసమే" అన్నాడు. ఆ మాట అన్న సాయంత్రమే మీసాల నిండా బిస్కెట్ పొడితో ఇంటికొచ్చాడు. అడిగితే ఫ్యాక్టరీ దుమ్ము అన్నాడు.

నీ
వదిన


కళ్ళద్దాల కొట్టు, కౌంటర్ వెనక
మబ్బు పట్టిన సాయంత్రం

వదినా,

చదివి కౌంటర్ మీద పడి నవ్వాను. ఎదురుగా ఒక పెద్దాయన అద్దాలు పెట్టుకుని గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు. తనను చూసే నవ్వాననుకుని అలిగి వెళ్ళిపోయాడు. ఒక బేరం పోగొట్టావు.

మొదటి రెండు వారాలే కష్టం. తర్వాత ఆకలి కూడా పిలవని చుట్టంలా వచ్చి, కాసేపు గుమ్మంలో నిలబడి వెళ్ళిపోతుంది. నన్ను చూడు. కిందటి ఏడు ఈ కౌంటర్‌కీ గోడకీ మధ్య పక్కకి తిరిగి దూరేదాన్ని. ఇప్పుడు నిటారుగా నడిచిపోతున్నాను. బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించాను. మా యజమాని భార్య "నీ రహస్యం ఏమిటి" అని అడిగింది. నన్ను జన్మలో ఎవరైనా ఆ మాట అడిగారా చెప్పు!

ఒక్కటే హెచ్చరిక. రుచి చూడటం కూడా తినడమే. చెంచాడు కూర కడుపులోకి పోయిందంటే కట్టిన ఉపవాసం గోవిందా. రుచి చూసి ఉమ్మేయి, అంతే.

నువ్వు వంటింటి మనిషివి కాబట్టి అడుగుతున్నాను. నా బాత్రూంలో చీమలు చేరాయి. ఎంత కడిగినా మళ్ళీ బారులు కడుతున్నాయి. దేనితో పోతాయి?

నీ
గుమ్మడి (ఇప్పుడు దోసకాయ అనవచ్చు)


క్యాంటీన్ వెనక గది
వాన వెలిసిన పొద్దున

దోసకాయా, నీ మొహంలా ఉంది నీ సలహా.

ఉమ్మేశాను. కూర చెంచాతో నోట్లో వేసుకుని, తిప్పి, పక్కన తొట్టిలో ఉమ్మేశాను. సరిగ్గా అప్పుడే కాంట్రాక్టరు లోపలికొచ్చాడు. వండిన మనిషే ఉమ్మేసిన కూర ఎవరు తింటారు చెప్పు? విషం కలిపానేమో అన్నట్టు చూశాడు. బరువు తగ్గడానికండీ అంటే, "ఎవరి బరువు, నాదా?" అన్నాడు. ఆ రోజు భోజనం ఇంటి నుంచి తెప్పించుకున్నాడు మహానుభావుడు.

సరే ఉమ్మడం మానేసి, రుచి చూసే పని రొట్టెలావిడకి అప్పగించాను. నాతోపాటు పదేళ్ళుగా పనిచేస్తోంది, నమ్మకస్తురాలు. "సరిపోయిందా?" అంటే "అమృతం అక్కా" అంది. భోజనాల గంట కొట్టాక తెలిసింది, ఆవిడకి మూడు రోజులుగా పడిశం, నోటికి రుచే తెలియడం లేదని. మరి చెప్పవేమే అంటే, "నువ్వు అంత ప్రేమగా అడిగితే లేదని ఎలా అంటాను" అంది. నేను ఉప్పు రెండుసార్లు వేశాను గుమ్మడీ. ఆకలి మీద చెయ్యి ఏం చేస్తోందో నాకే తెలియలేదు. షిఫ్టు మొత్తం పళ్ళేలు వెనక్కి తెచ్చి కిటికీలో పెట్టేశారు. ఒకడైతే "అమ్మా, సముద్రం దగ్గర్లో లేదు కదా" అన్నాడు. గిన్నెలు కడిగే చోట నిలబడి ఏడ్చాను.

ఇంత చేసీ తగ్గింది ఎంతనుకున్నావు? తూకం యంత్రం మీద ముల్లు నన్ను చూసి ఒకసారి వణికి మళ్ళీ అక్కడే నిలబడింది. నేను గాలి పీల్చినా ఒంటికే పడుతుంది. నీకేమో నిలబడ్డచోటే కరుగుతోంది.

చీమలకి మందు సుద్దముక్క దొరుకుతుంది, గుమ్మం అడ్డంగా గీత గియ్యి. వంటింట్లో అయితే చక్కెర డబ్బా మూత బిగించు. నేను క్యాంటీన్లో రోజూ చేసే యుద్ధమే అది.

వదిన


కళ్ళద్దాల కొట్టు
ఎండ కాచిన రోజు

వదినా,

తొందరగా రాస్తున్నాను, కొట్టు నిండా జనం.

ఉప్పు కూరకి నన్ను తిట్టకు. కావాలంటే నీ వేళలు మార్చుకో, పొద్దున రుచి చూసుకుని సాయంత్రం పెందలాడే కట్టెయ్యి. నీళ్ళు బాగా తాగు. నేనైతే పక్కనే కూజా పెట్టుకున్నాను, ఎంత తాగినా నాలుక పిడచకట్టుకుపోతోంది. ఉపవాసంలో ఒంట్లో చెడంతా బయటికి పోతుందట, అందుకే దాహమని ఎవరో చెప్పారు. నిజమే అయ్యుంటుంది, పోవడం కూడా అలాగే పోతోంది మరి, గంటకోసారి బాత్రూంకి లేవాలి.

ఇంకో తమాషా. నా అద్దాల నంబరు మారింది. మార్పించుకున్నాను. రెండు వారాలకి మళ్ళీ మారింది. యజమాని "అందరికీ అద్దాలు అమ్మమంటే నువ్వే కొనేస్తున్నావేమిటి" అంటున్నాడు. సన్నబడితే కళ్ళు కూడా సన్నబడతాయేమో!

నిన్న వీధిలో చిన్నప్పటి స్నేహితురాలు ఎదురై గుర్తుపట్టక దాటిపోయింది. వెనక్కి పిలిచి చెప్తే నోరు తెరిచేసింది. ఇంటికెళ్ళి అద్దంలో చాలాసేపు చూసుకున్నాను. నీకు చెప్తే నవ్వుతావు గానీ, ఎంత సంతోషమేసిందో.

చీమలు నీ సుద్ద గీతని పండగ ముగ్గులా దాటేస్తున్నాయి. ఇంకేదైనా చెప్పు.

గు.


ఇంట్లో, మంచం మీద, కాళ్ళు దిండ్ల మీద
చలి మొదలైంది

మరదలికి,

ఈ ఉత్తరం చించి పారేసినా నేనేం అనుకోను. రాయకపోతే మాత్రం నా గుండె పగిలేలా ఉంది.

ఇవాళ తూచుకున్నాను. పెరిగాను. విన్నావా, పెరిగాను! ఇన్ని నెలలు నోరు కట్టుకుని, వేగే ఉల్లిపాయల పక్కన శిలలా నిలబడి, రుచి తెలియని చేత్తో వండి మాటలు పడి, చివరికి కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు. కాంట్రాక్టరు నన్ను పొయ్యి దగ్గర్నుంచి తీసేసి కూరగాయలు తరగడానికి కూర్చోబెట్టాడు. నా స్టూలు తీసుకుని నాకే ఇచ్చి, "ఇక నీ ఇష్టం వచ్చినట్టు కూర్చో" అన్నాడు. పొయ్యి దగ్గర కొత్తమనిషి వండుతోంది. చచ్చుగా వండుతోంది. ఎవరూ పళ్ళెం వెనక్కి పంపడం లేదు.

మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి ఆకలి రుచి ఎరగదన్నట్టు మీద పడి తింటున్నాను, అది ఒప్పుకుంటా. దానికే ఇంత శిక్షా? నువ్వేమో ప్రతి ఉత్తరంలో తగ్గాను తగ్గాను అని పుండు మీద కారం చల్లుతావు. నాకు కుళ్ళుగా ఉంది. అవును, కుళ్ళే. నా మరదలు అందంగా అయితే సంతోషించాల్సిన దాన్ని, నీ ఉత్తరం చూడగానే ఒళ్ళు మండుతోంది.

నిజం చెప్పు. నువ్వు మందులేమైనా మింగుతున్నావా? మింగుతూ నాకు మాత్రం ఉపవాసం పాఠాలు చెప్తున్నావా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. డాక్టరు తూచే రోజు దగ్గర పడుతోంది, నాతో ఆడుకోకు.

వదిన


నా గది, మూడో అంతస్తు
చలి

వదినా,

నువ్వు చేసిన ఫోన్లు చూశాను. ఎత్తను. ఎత్తితే ఏడుస్తాను.

మందులేమీ మింగలేదు. కానీ నువ్వు అడిగినదాంట్లో సగం నిజం. నేను ఉపవాసం మానేసి చాలా కాలమైంది. వానల్లోనే మానేశాను. ఆకలి ఆగడం లేదు వదినా, పొద్దున లేస్తూనే తింటున్నాను, కొట్లో తింటున్నాను, ఇంటికొచ్చి నిలబడే తింటున్నాను. అయినా తగ్గుతున్నాను. మొదట భయమేసింది. తర్వాత, ఎందుకు చెప్పాలి అనిపించింది. పుట్టిన దగ్గర్నుంచి గుమ్మడి, గున్న ఏనుగు. ఇప్పుడు తిన్నా తగ్గే అదృష్టం పట్టింది, నోరు తెరిస్తే పోతుందేమో అనుకున్నాను. నువ్వు నన్ను చూసి కట్టుదిట్టంగా ఉంటున్నావు కదా, నేను మానేశానంటే నువ్వూ మానేస్తావని ఒక సాకు. అబద్ధాలాడి నీ మోకాళ్ళతో ఆడుకున్నదాన్నే. తిట్టు.

కొంచెం నీరసంగా ఉంటోంది, అంతే. కొత్త చెప్పు కరిచి పాదం మీద పుండయింది, మానడం లేదు. మెట్లు ఎక్కితే రెండు చోట్ల ఆగుతున్నాను. ఇవన్నీ అన్నయ్యకి చెప్పకు.

ఇక నీకు నామీద కోపం ఎలాగూ ఉంది కాబట్టి చీమల సంగతి కూడా తేల్చి చెప్పు. విసుగొచ్చింది. నా చక్కెర డబ్బాకి మూత పోయి ఎన్నాళ్ళో అయింది, ఒక్క చీమ అటు తొంగి చూడదు. అన్నీ బాత్రూంలోనే, సరిగ్గా నేను కూర్చునే చోటే. ఇంత బుద్ధిలేని చీమలని నేనెక్కడా చూడలేదు.

గు.


క్యాంటీన్, తరిగే బల్ల దగ్గర
ఇప్పుడే

గుమ్మడీ,

ఇది పోస్టులో కాదు, మీ అన్నయ్య చేత పంపుతున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉంటాడు. చదివి, చెప్పులు వేసుకుని ఆయనతో బయల్దేరు.

చీమలకి బుద్ధి లేక కాదే. చీమలు తీపి లేనిచోటికి ఊరికే రావు. ఇరవై ఏళ్ళు వాటితో యుద్ధం చేసినదాన్ని, నాకు తెలియదా? మూత లేని చక్కెర డబ్బా వదిలేసి బాత్రూంకి పోతున్నాయంటే అక్కడ దాన్ని మించిన తీపి ఉంది. అది నీ ఒంట్లోంచి పోతోంది. ఆ దాహం, ఆ ఆకలి, కుదురుకోని అద్దాలు, మానని పుండు, అన్నీ ఉత్తరాల్లో వరసగా రాశావు. నేను ఒక్కటీ చదవలేదు. తగ్గాను అన్న ముక్కొక్కటే చదివి కుళ్ళుకున్నాను. నువ్వు తగ్గడం లేదే, అరిగిపోతున్నావు.

అన్నయ్యతో వాదించకు. ఆయనకి రెండు ముక్కలే చెప్పాను, మొహం తెల్లబోయింది, బిస్కెట్ పొట్లం కూడా ఇక్కడే మర్చిపోయాడు. నేనే వచ్చేదాన్ని. నీ మూడు అంతస్తులు నా కాళ్ళు ఎక్కవు. ఈ కాళ్ళని ఇవాళ తిట్టుకున్నంత ఎప్పుడూ తిట్టుకోలేదు.

పెద్దాసుపత్రికే పొండి. దారిలో ఎక్కడా ఆగకండి.

వదిన


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

వదినా,

రక్తం చూసిన డాక్టరమ్మ ముందు కాగితం వైపు, తర్వాత నా వైపు చూసి, "నువ్వు నడిచే వచ్చావా?" అంది. చక్కెర జబ్బు. ఎన్ని నెలలుగా ఉందో తెలియదట. ఇంకో వారం అలాగే ఉండి ఉంటే స్పృహ తప్పేదాన్నంది. పాదం కడిగి కట్టు కట్టారు, పాదం తీసెయ్యక్కర్లేదని చెప్పారు. ఇక రోజూ పొట్టకి సూది. నేనే పొడుచుకోవాలి. మొదటిసారి పొడుచుకోమంటే నర్సుకి గుచ్చబోయాను.

"ఉపవాసం ఉండేదాన్ని" అంటే డాక్టరమ్మకి కోపం వచ్చింది. అందరి ఒళ్ళూ ఒకటి కాదు, మొదలుపెట్టే ముందు ఒక్కసారి రక్తం చూపించుకుంటే ఏం పోయేది అంది. ఏం చెప్పను? బాగా కనిపిస్తున్నావు అని లోకమంతా అంటుంటే డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్తారు?

నాకు ఏడుపు వచ్చింది దానికి కాదు. అన్నయ్య నిన్న కూర్చుని కూర్చుని నోరు జారాడు. తను నన్ను తీసుకొచ్చిన రోజే నీ మోకాళ్ళ డాక్టరు నిన్ను తూచే రోజట. ఆయన పట్టుకుని నడిపిస్తే గానీ నువ్వు బస్సెక్కలేవట. తేదీ పోగొట్టుకున్నావా వదినా? ఎందుకు చెప్పలేదు? నీకు అబద్ధాలు చెప్పినదాని కోసం? నా మీద నాకే ఎంత కోపంగా ఉందో, ఈ దిండుని గుద్ది గుద్ది పక్క మంచం ముసలావిడ చేత చీవాట్లు తిన్నాను.

గు.


క్యాంటీన్ వెనక గది
మంచు దిగిన పొద్దున

గుమ్మడీ,

దిండు ఆసుపత్రిది, చింపకు.

తేదీ పోయింది. అయితే ఏం, ఆ రోజు వెళ్ళినా ముల్లు నన్ను చూసి నవ్వేదే. పెరిగిన ఒళ్ళు చూపించుకోవడానికి అంత దూరం వెళ్ళాలా? ఇప్పుడు రొట్టెలావిడని తోడు తీసుకుని వెళ్ళి వచ్చాను. పడిశం తగ్గింది ఆవిడకి. మోకాళ్ళ డాక్టరు ముందు కసిరాడు, తర్వాత ఎందుకు రాలేదో విని క్యాలెండరు తీశాడు. ఎండలు ముదిరే లోపు మళ్ళీ తూస్తానని ఇంకో తేదీ ఇచ్చాడు. నా రక్తం కూడా చూపించుకున్నాను. నాకేమీ లేదట, ఉన్నదంతా కొవ్వేనట.

అక్కడ తిండి సంగతి చెప్పే అమ్మాయి ఒకతె ఉంది. పూటంతా కట్టేసి ఒక్కసారిగా మీద పడటం నాలాంటి వాళ్ళకి పనికిరాదంది. పొద్దున కొంచెం తిను, పొయ్యి దగ్గర హాయిగా రుచి చూసుకో, పొద్దుగూకాక ముట్టకు అంది. నువ్వు "వేళలు మార్చుకో" అని రాసిందే ఇది, నేనే వినలేదు. రెండు కిలోలు తగ్గాను. రెండే. పన్నెండులో రెండు. పండగ చేసుకోవాలా ఏడవాలా తెలియడం లేదు. మీ అన్నయ్య పండగే చేసుకున్నాడు, మీసాలే సాక్ష్యం.

పొయ్యి ఇంకా నాకు ఇవ్వలేదు. కాంట్రాక్టరు చూద్దాం అంటున్నాడు. నిన్న కొత్తమనిషి వండిన కూరని మొదటిసారి ఒకడు కిటికీలో వెనక్కి పెట్టి, "ఆ ఉప్పమ్మ ఎక్కడ?" అని అడిగాడు. తరిగే బల్ల దగ్గర నాకు వినిపించింది. కత్తి కింద పెట్టేశాను.

నీ బరువు ఎంత పెరిగిందో రాయి. నీది పెరిగితే, నాది తగ్గితే, మొత్తం మీద మన ఇంటి బరువు ఇంట్లోనే ఉంటుంది.

వదిన


నా గది, మూడో అంతస్తు
పొద్దున టిఫిన్ అయ్యాక

వదినా,

ఇంటికొచ్చి మూడు వారాలైంది. ముందు తిన్నాను, తర్వాత రాస్తున్నాను. ఇక ఆకలితో నీకు ఒక్క ఉత్తరం కూడా రాయను.

నాలుగు కిలోలు పెరిగాను. బెల్టు వెనకటి బెజ్జానికి వచ్చింది. నిన్న యజమాని భార్య "అయ్యో, మళ్ళీ ఒళ్ళు చేస్తున్నావే" అంది. కోపమొచ్చింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఇంకా కోపమొచ్చింది, ఆ సన్నటి మనిషి పోతోందని. నిజం చెప్తున్నాను, ఆమె మీద నాకు ఇంకా బెంగగానే ఉంది. సూది మాత్రం మానలేదు. నీ ఆపరేషన్‌కి పక్కన కూర్చోవాల్సింది నేను, అన్నయ్య కాదు. ఆయన నీ పళ్ళెం కూడా ఖాళీ చేస్తాడు.

అద్దాలు మొదటి నంబరుకే వచ్చేశాయి. పుండు మానింది.

బాత్రూంలో చీమలు లేవు. నేను ఏ మందూ చల్లలేదు, ఏ గీతా గియ్యలేదు. ఇవాళ టీ పెడదామని వంటింట్లోకి వెళ్తే చక్కెర డబ్బా చుట్టూ బారులు తీరి ఉన్నాయి. తుడిచెయ్యడానికి గుడ్డ తీసుకున్నాను. మళ్ళీ పక్కన పెట్టేసి, పీట వేసుకుని వాటిని చూస్తూ కూర్చున్నాను.

నీ
గుమ్మడి